పండుకొని చూసిన ప్లాటు

నేను బడిలో చదివింది ఏడో తరగతి. మిగిలిన చదువంతా తహసీల్ ఆఫీసు వరండాలో. సర్వేయర్ల వెంట గొలుసు మోసిన, తుమ్మపొదల్లో హద్దురాళ్లు వెతికిన, వాళ్లు పారేసిన పాత నక్షాలు తెచ్చుకొని గోడకు అంటించుకొని చదువుకున్న. ఒకరు నేర్పింది కాదు కాబట్టి ఒక్కటీ మర్చిపోలేదు. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో నేను చూపించిన జాగాల్లో ఇండ్లు లేచినయ్, పెండ్లిళ్లయినయ్, అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్నరు. కానీ హద్దు తప్పు చూపించినవని ఇప్పటిదాకా ఒక్కడు నా గల్లా పట్టుకోలేదు.

అందుకే ఇప్పటి అమ్మకాలు చూస్తే ఒళ్లు మండుతది. మా చెల్లె కొడుకు, నాకు మేనల్లుడు, కోదాడ తొవ్వలో ఒక వెంచర్ వేసిండు. రంగురంగుల బ్రోచర్ నా చేతిలో పెట్టి, "ఎట్లుంది మామా?" అన్నడు. మొదటి పేజీలో ఫౌంటెన్, ఈతకొలను, బొచ్చుకుక్కను తాడుతో పట్టుకొని నడుస్తున్న తెల్లదొరసాని. మా దిక్కు మనిషి ముందు ఉరుకుతడు, కుక్క వెనుక ఉరుకుతది. తాడు నేనెన్నడూ చూడలేదు. కింద "హైవే నుంచి ఐదు నిమిషాలు" అని ఉంది. నేను ఆటోలో పోయి చూసిన. ఇరవై రెండు నిమిషాలు పట్టింది.

"ఐదు నిమిషాలు ఎవనికిరా?" అని అడిగిన.

"డ్రోనుకు మామా."

రవ్వంత సిగ్గు పడకుండ అన్నడు. పైగా నాకే బుద్ధి చెప్పిండు. "నువ్వు సర్వే నంబర్లు చెప్పి మనుషులను నిద్ర పుచ్చుతవ్. ఇయ్యాల రేపు భూమి కాదు, కల అమ్మాలె."

"కలకు రిజిస్ట్రేషన్ చెయ్యర్రా" అన్న.

అయినా వానికి నా అవసరం పడనే పడింది. చివ్వెంల దిక్కు గొర్లు కాసుకొని బతికిన మొగుడూ పెండ్లాం ప్లాటు కోసం వచ్చిండ్రు. ఆయన మోకాళ్లు అరిగిపోయి నడవలేక మందంతా అమ్మేసిండ్రు. ఆ పైసలతో ఒక్క ప్లాటు కొని ఇల్లు వేసుకోవాలె. అది తప్పితే మళ్లీ కొనే తాకతు లేదు, అమ్ముదామంటే గొర్లు లేవు. ఆమెది ఒకటే పట్టు. దర్వాజ తూర్పు చూడాలె. పెండ్లయిన సంది ఊరూరు తిరిగి, ఎవరి చెల్కలోనో మంద పెట్టి, గొంగడి మీద పండుకొని లేచిన మనిషి. సొంత గడప మీద కూసోని పొద్దు పొడుపు చూడాలని ఆమె కోరిక. ఆమె అన్నకు ఒకప్పుడు జాగా చూపించింది నేనే. "ఆ పెద్దయ్య వస్తేనే వస్తం" అన్నరట.

మే నెల. మేనల్లుడు సరిగ్గా పన్నెండు గంటలకు కారు పెట్టిండు, బిర్యానీ పొట్లాలతో సహా.

"పొద్దుగాల చల్లగ ఉన్నప్పుడు పోతే ఏమైతదిరా?"

"కడుపు నిండితే మాట ఎక్కుతది మామా. ఇదంతా టెక్నిక్."

పదిహేడో నంబర్ ప్లాటు కాడ దింపిండు. మూలకు ఒక వేపచెట్టు. వాళ్ల చేతిలో నక్షా పెట్టి, "తూర్పు ముఖం అత్తమ్మా, మీకోసమే ఆపిన" అన్నడు. ఆమె అటూ ఇటూ చూసి, "నాకేందో ఉల్టా కొడుతుంది కొడకా. గాని కాగితం మీద అచ్చయి ఉన్నది కద" అని ఊకుంది. కాగితం చేతికొస్తే మనోళ్లు కండ్లు మూసుకుంటరు.

నేను ఆ కాగితం గుంజుకొని చూసిన. పోయిన నెల వాడు నాకిచ్చిన నక్షాలో పాతబాయి పై మూలకుండె. ఇందులో కింది మూలకు దిగింది. బాయి నడవదు కదా! జర సేపట్లో దొంగతనం దొరికింది. వాని రోడ్డుకు ఒక పక్క ప్లాట్లు తూర్పు చూస్తయి, ఎదురు పక్కవి పడమర. తూర్పువి అమ్ముడుపోయినయ్, పడమరవి మిగిలినయ్. వీడేం చేసిండు? నక్షాను తలకిందులు చేసి, అంకెలు మళ్లీ సక్కగ రాయించి, ఉత్తరం బాణాన్ని మాత్రం మళ్లీ పైకే పెట్టించిండు. పడమర వరుసంతా తెల్లారేసరికి తూర్పయిపోయింది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటే సాక్ష్యం చెప్పేదెవరు?

"ఒరేయ్, సూర్యుడు నీ బ్రోచర్ చూసి పొడుస్తడారా?" అని లేచిన.

"మెల్లగ మామా. జర క్రియేటివిటీ."

ఇగ ఆగలేదు. ఆ దంపతులను ఎదురుగ కూసోబెట్టి పాఠం మొదలుపెట్టిన. హద్దురాయి అంటే ఏంది, నక్షాను ఎట్ల పట్టుకోవాలె, బాణం ఎందుకు గీస్తరు, నిజాం కాలంల కొలత ఎట్లుండె... నిజాం కాడికి వచ్చేసరికి ఆయన రెండుసార్లు ఆవలించిండు. ఆమె నన్ను అనుమానంగ చూసింది.

"పెద్దయ్యా, నీకు వేరే వెంచర్ ఏమన్న ఉన్నదా?"

నాకు నెత్తిన రాయి పడ్డట్టయింది. ఇన్నేండ్ల చదువు! మేనల్లుడు పండ్లన్నీ బయటపెట్టి, "చెప్పిన కద మామా, నిద్ర పుచ్చుతవని" అన్నడు.

ఆ మాటతోనే నాకు తొవ్వ దొరికింది. "తమ్మీ, తిన్నవు కద. గా వేపచెట్టు కింద జర నడుం వాల్చు" అన్న. ఎండాకాలంలో కూడ ఆయన భుజం మీద గొంగడి ఉంది. పరిచిండు. నక్షాను చూడలేదు, ఆకాశాన్ని చూడలేదు. ఒకసారి చుట్టు తిరిగి, కుక్క పండుకునే ముందు తిరిగినట్టు, తలకాయ ఒక దిక్కు పెట్టి వెల్లకిల పండుకున్నడు. నలభై ఏండ్లు చెల్కల్లో పండుకున్న ఒళ్లు అది.

"చెల్లె, మీ ఆయన ఉత్తరం దిక్కు తల పెడతడా?"

"ఛీ, పాడు మాట! ఎన్నడు పెట్టలే. దక్షిణమే."

నేను నక్షాను రోడ్డు రోడ్డుకు, బాయి బాయికి సరిపోయేటట్టు తిప్పి ఆయన ఛాతీ మీద పెట్టిన. ఉత్తరం బాణం సక్కగ పోయి ఆయన నెత్తిని చూపించింది.

ఆమె వంగి చూసింది. కాగితం చూసింది, మొగని కాళ్లు చూసింది. ఒక్కసారి కెవ్వుమన్నది. "లే అయ్యా, లే! ఈ పోరడు నిన్ను సచ్చినోని లెక్క పండవెట్టిండు!"

ఆయన కండ్లు తెరువకుండనే అన్నడు. "నేను సక్కగనే పండుకున్న. కాగితమే ఉల్టా పడ్డది."

మేనల్లుని మొహం చూడాలె అప్పుడు. నేను జేబులోంచి వాని పాత నక్షా తీసిన. తూర్పు వరుసలో ఒక్క ప్లాటు మాత్రం అమ్ముడుపోనిది ఉంది, చుట్టూ పెన్నుతో గీత. పొద్దు పొడుపుకు ఎదురుగ, మంచి గట్టి నేల.

"ఇదెవరిది?"

"అది... నా సొంతానికి పెట్టుకున్న మామా."

తనకు మాత్రం అసలు నక్షా చూసే పెట్టుకున్నడు! "ఇది వీళ్లకు రాసియ్యి. అదే ధర" అన్న.

"మరి నాకు?"

"నీకేందిరా? కాగితం తిప్పుకుంటే నీకన్నీ తూర్పే."

ఆమె ఎంత నవ్విందంటే, వానికి కాదనే మొహం లేకపాయె. రాసిచ్చిండు. ఇప్పుడు వాని కొత్త బ్రోచర్ మీద "పండుకొని చూసి కొనండి" అని అచ్చేసి, సైటులో రెండు నవారు మంచాలు వేసిండు. జనం ఎగబడుతున్నరట. ఆ ఉపాయం ఎవరిదో మాత్రం ఎక్కడా రాయలేదు.

పోయిన నెలలో వాళ్ల దర్వాజ నిలబెట్టిండ్రు. నేను పొద్దుగాలనే టేపు, దారం పట్టుకొని పోయిన. మేనల్లుడు ఫోనులో దిక్సూచి తెచ్చిండు. నా దారానికి, వాని ఫోనుకు బెత్తెడు తేడా వచ్చింది. ఇద్దరం మొదలుపెట్టినం. మేస్త్రి చౌకట్టు పట్టుకొని నిలబడ్డడు, ముహూర్తం దాటుతుంది.

ఆమె పసుపు చేతులతోనే మధ్యకు వచ్చింది. "మీ చదువులు మీ కాడనే పెట్టుకోండ్రి. ఇద్దరు జరుగుండ్రి" అని గొంగడి పరిచింది. "పండుకో అయ్యా."

ఆయన ఒకసారి చుట్టు తిరిగి పండుకున్నడు.

"కుడి చెయ్యి చాపు."

తూర్పుకు చాపిండు. మేస్త్రి ఆ చెయ్యి చూసుకుంట చౌకట్టు నిలబెట్టిండు. అది నా దారానికి సరిపోయిందా, వాని ఫోనుకు సరిపోయిందా అని కొలువనీకి ఇద్దరం వంగినం. ఆమె మా ఇద్దరి చేతుల్లో చెరొక కొబ్బరిచిప్ప పెట్టి బయటకు పంపింది.