లెక్క పెట్టినవాడే ముందు దిగాలి

ఈ ఉదయం సంగటి ముద్ద విరిచి ఊరుబిండిలో అద్దుతుండగా ఊరికి పడమట బావిలో రాయి పేలింది. నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఒకటి. గూట్లో ఉన్న ఇత్తడి చెంబు సన్నగా మోగింది. రెండు, మూడు. నాలుగో దెబ్బకూ ఐదో దెబ్బకూ నడుమ ఒక ఊపిరి తీసుకునేంత వ్యవధి. ఆరు. ఏడు. ఆ తర్వాత గాలివాలుకు మందు వాసన పెరట్లోకి వచ్చింది. నా భార్య కంచం మీద మూత పెట్టింది. ఆ బావిలో ఎన్ని బెజ్జాలు కొట్టారో తెలిసేదాకా నాకు ముద్ద దిగదని ఆమెకు తెలుసు.

నాకు ఈ అలవాటు చేసినవాడు ఏసేపు మేస్త్రి. పదిహేనేళ్ల కిందటి కరువులో, పామిడికి ఎగువన ఒక రెడ్డిగారి పొలంలో ఎండిన బావిని ఇంకా లోతు చేసే పని ఆయన చేతిలో ఉండేది. తొమ్మిది నిలువుల కింద నల్లరాయి తగిలింది. రాతిలో సమ్మెటతో బెజ్జాలు కొట్టి, మందు కూరి, ఒత్తులు అంటించి పైకి వచ్చేయాలి. ఎన్ని బెజ్జాలుంటే అన్ని మోతలు వినిపించాలి. ఒకటి తగ్గిందంటే కింద ఒకటి పేలకుండా మిగిలిందని అర్థం. అప్పుడు మర్నాటి దాకా ఎవరూ దిగకూడదు. నేను మూడో తరగతితో బడి మానేసి, చింతగింజలతో సొంతంగా లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. అందుకని మోతలు లెక్కపెట్టే పని నాకు ఇచ్చారు. పలక పట్టుకుని గట్టున కూర్చునేవాణ్ణి.

మేస్త్రికి ఎడమ కన్ను తెల్లగా ఉండేది. ఎలా పోయిందని అడిగితే, "ఒకటి ఎక్కువ ఇన్నా" అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు. రెడ్డిగారు ఒక చెక్క మీద సున్నంతో జాగ్రత్తలన్నీ రాయించి గట్టున పాతించారు. పదకొండు మందిలో అది చదవగలిగింది నేనొక్కణ్ణే. మేస్త్రి దానికి సంగటి మూట తగిలించేవాడు. "ఏమప్పా, ఇది చదివి బతికినోడు యాడన్నా ఉండాడా? సంగటికి మాత్రం చీమలు పట్టకుండా మేలు చేస్తాండాది" అనేవాడు.

మాలో తిప్పన్న అని ఒకడు ఉండేవాడు. సమ్మెట బలంగా కొట్టేవాడు, అంత బలంగానూ నవ్వేవాడు. నా పలక చూస్తే అతనికి వేళాకోళం. "ఏం లెక్కలన్నా, నా పెండ్లాం తిట్లు దినానికి ఎన్నో రాసి చూపీ, పలక చాలదు నీకు" అనేవాడు. ఆ రోజు తొమ్మిది బెజ్జాలు. మోతలయ్యాక "తొమ్మిది" అని అరిచాను. పొగ తేలగానే తిప్పన్న అందరికంటే ముందు దిగాడు. రాళ్లు కదిలించడానికి గడ్డపార వేశాడు. పదో మోత అప్పుడు వినబడింది.

అది పదోది కాదు, తొమ్మిదోది. పేలిన బెజ్జంలోనే కొంత మందు మిగిలిపోయిందని అందరూ అనుకున్నారు; అసలు సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తలరాత అని కొందరన్నారు. గంగమ్మకు మొక్కు బాకీ పడిందని కొందరన్నారు. గడ్డపార గట్టిగా వేశాడని రెడ్డిగారన్నారు. ఎవరూ నా వైపు చూడలేదు. మూడో రోజు మేస్త్రి మా ఇంటికి వచ్చి వాకిట్లో కూర్చున్నాడు.

"ఎన్ని ఇన్నావు?"

"తొమ్మిది."

"చెవితో ఇన్నావా, పలక మింద ఇన్నావా?"

బెజ్జాలు తొమ్మిదని తెలుసు కనుక, మోతలకు ముందే తొమ్మిది గీతలు గీసి పెట్టుకున్నాను. చాలా రోజులుగా అదే పద్ధతి. మోత మోతకూ ఒక గీత చెరపాలి. ఆ రోజు మధ్యలో ఎవరితోనో మాట్లాడుతూ, మోతలు ఆగిపోగానే మిగిలిన గీత కూడా చెరిపేశాను. అన్నాళ్లుగా లెక్క తప్పనని పేరు పడ్డవాణ్ణి. జవాబు ముందు రాసుకున్నవాడికి లెక్క తప్పేదెక్కడ?

ఆయన నన్ను తిట్టలేదు. "లెయ్" అని తిప్పన్న ఇంటికి తీసుకుపోయాడు. అతని భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను చెప్పాను. ఆమె "ఎనిమిదేనా?" అని ఒక్కమాట అడిగింది. అవునన్నాను. ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. ఈ నాటికీ నాతో మాట్లాడలేదు.

నేను ఊరు విడిచి పోదామనుకున్నాను. మేస్త్రి పోనివ్వలేదు. మర్నాడు గట్టు మీద అందరి ముందూ, "ఈ పొద్దు నుంచి లెక్క పెట్టినోడే ముందు దిగల్ల. వంతుల పకారం అందరూ పెట్టల్ల. నేనూ పెడతా" అన్నాడు. నా చేతిలోని పలక తీసుకుని చెక్క పక్కన బోర్లా పెట్టాడు.

అంతకు ముందు మోతల వేళ బీడీలు కాల్చుకునేవాళ్లు, పోట్లాడుకునేవాళ్లు. ఆ తర్వాత రాళ్లు మోసే ఆడవాళ్లు కూడా గంపలు దించి ఊపిరి బిగబట్టేవాళ్లు. చెక్క మీది సున్నపు అక్షరాలు చేయించలేని పని అది. ఎవడి కాళ్లు ముందు దిగుతాయో వాడి చెవులు తెరుచుకున్నాయి.

నా వంతు వచ్చిన రోజు ఏడు బెజ్జాలు. చివరి రెండూ దాదాపు కలిసి మోగాయి. ఏడో, ఆరో? అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. నాకు తిప్పన్న గడ్డపార కనబడింది.

"తెలీదు" అన్నాను.

రెడ్డిగారి మనిషి మీదికి వచ్చాడు. "తెలీదనేకి నువ్వెందుకప్పా ఈడ? గొడ్లు నీళ్లు లేక సస్తాండాయి!"

"తెలీదన్నాడు గదా, అదీ లెక్కే. రేపు దిగుతాం" అన్నాడు మేస్త్రి.

మర్నాడు నేనే ముందు దిగి చూశాను. ఏడూ పేలి ఉన్నాయి. ఒక రోజు వృథా అయిందని రెడ్డిగారు మమ్మల్ని తీసేసి వేరే జట్టును పెట్టుకున్నారు. దారిలో నేను తల ఎత్తలేకపోయాను. మేస్త్రి నా వీపు మీద చెయ్యి వేసి, "పేలిన బెజ్జాలు చూసి ఏడ్చేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూసినా. పదప్పా" అన్నాడు. మళ్లీ పని దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత కొన్నేళ్లకే ఆయన రాతిదుమ్ము దగ్గుతో మంచం పట్టి పోయాడు. తిప్పన్న చావు తలరాత అనే ఊళ్లో ఇప్పటికీ అనుకుంటారు. కాదు, అది నా గీత.

కంచం అలాగే వదిలి పడమటి బావికి వెళ్లాను. కొత్త జట్టు గట్టున నిలబడి ఉంది. ఒకడు అప్పటికే తాడు పట్టుకున్నాడు.

"ఎన్ని బెజ్జాలప్పా?"

"ఎనిమిదన్నా."

"మోతలెన్ని?"

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "ఏడో, ఎనిమిదో. అన్నీ అయిపోయినాయిలే. ఎండ ముదరతాండాది, జరుగన్నా."

"ఎవురు లెక్కబెట్టింది?"

తాడు పట్టుకున్నవాడు పక్కవాణ్ణి చూపించాడు, పక్కవాడు ఇంకొకణ్ణి చూపించాడు. నేను చెప్పులు విడిచి, తాడు దగ్గరికి పోయి, దాని మీదే కూర్చున్నాను.

"అట్లయితే పెట్టింది నేనే. ఏడు. ముందు దిగేది కూడా నేనే," అన్నాను. "నేను రేపు పొద్దున దిగుతా."