ఖాళీ కుర్చీతో మాట్లాడించిన మనిషి

ఈరోజు శుక్రవారం. నరసరావుపేటలో నాకు మనసు వైద్యం చేసిన కౌన్సెలరమ్మ సోమవారం పోయిందని, ముందు గదిలో పేర్లు రాసుకునే ఆమె కూతురు నిన్న ఫోన్ చేసి చెప్పింది. ఆదివారం సంతాప సభ. "అమ్మ దగ్గర నయమైనవాళ్ళెవరూ బయటపడరు. పరామర్శకు వచ్చినవాళ్ళు కూడా మెట్ల దగ్గరే సిగ్గుపడి వెనక్కి పోతున్నారు. మీరైనా రెండు మాటలు చెప్తారా?" అని అడిగింది. చూస్తానన్నాను.

"ఎవరక్కా పోయింది?" అంది పక్కింటి చెల్లెలు.

"కళ్ళ డాక్టరు గారి భార్య" అన్నాను. ఆమె చావు మీద కూడా అబద్ధమాడాను. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

మావారు పోయినప్పుడు నేను ఏడవలేదు. రెంటచింతలలో మా ఇంటికి పరామర్శకు వచ్చినవారికి కాఫీలు అందాయా, పెద్దకర్మ రోజు ఎన్ని విస్తళ్ళు వేయాలి, ఇవే చూసుకున్నాను. "లెక్కల టీచరమ్మది గట్టి గుండె" అంటే లోలోపల పొంగాను. తర్వాత ఛాతీలో బిగపట్టినట్టు ఉండడం మొదలైంది. పరీక్షల్లో ఏమీ తేలలేదు. గుండె డాక్టరే ఈ కౌన్సెలరమ్మ దగ్గరికి పంపాడు. ఇంటి చుట్టుపక్కల మాత్రం కళ్ళ పరీక్షకని చెప్పి బస్సెక్కేదాన్ని.

"ఏందక్కా, వారంవారం కళ్ళ డాక్టరు కాడికి పోతన్నావు! ఆయనకేమన్నా లెక్కలు చెప్తన్నావా ఏంది?" అనేది చెల్లెలు.

"కొన్ని వారాలేనమ్మా. నేను మీకు అలవాటు కాకూడదు" అని కౌన్సెలరమ్మ మొదటిరోజే చెప్పింది. ఉతికి మడిచిన తువ్వాలు ముందే చేతికిచ్చేది. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని మడతలు సరిచేసేదాన్ని. మావారు పోయిన సంగతంతా తేదీలతో సహా వరసగా చెప్పాను.

"జరిగింది చెప్పారు. మీకేమైందో చెప్పలేదు. పైగా నవ్వుతూ చెప్తున్నారు" అంది.

నాకు ఒళ్ళు మండింది. అది కనిపెట్టి, "ఆ కోపం ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది?" అంది. దవడల్లో, పిడికిళ్ళలో.

ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, అందులో మావారు ఉన్నారనుకుని మాట్లాడమంది.

"పిచ్చిపని. నావల్ల కాదు."

"సరే, పిచ్చిపని అని ఆయనతోనే చెప్పండి."

అంతే. "గుండెల్లో నొప్పిగా ఉందని నాకెందుకు చెప్పలేదు? మిరప కోతలయినాక చూపించుకుంటానని పాలేరుతో అన్నారంట గదా! నేనేమన్నా పరాయిదాన్నా?" అని అరిచాను. చనిపోయిన మనిషి మీద అరిచానని తలెత్తలేకపోయాను. ఆమె తన కుర్చీ దగ్గరగా జరుపుకుంది.

"సిగ్గుపడండి, కానీ లేచి పోకండి. ఆ కోపం కింద ఏముందో చూద్దాం."

కింద ఏడుపుంది. అన్నాళ్ళూ కాఫీ గ్లాసుల వెనక దాచిన ఏడుపు. ఆమె ఓదార్చలేదు, తొందరపెట్టలేదు, పక్కన ఉంది. కొన్ని వారాలకు ఊపిరి హాయిగా ఆడింది. నయమైంది. ఎలా నయమైందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇక జరగవలసినవి:

1. ఈ సాయంత్రమే పక్కింటి చెల్లెలికి నా కళ్ళు బాగానే ఉన్నాయని, వెళ్ళింది ఎవరి దగ్గరికో చెప్పాలి.

2. ఆదివారం మొదటి బస్సుకు నరసరావుపేట వెళ్ళాలి. సభలో నా పేరు, ఊరు చెప్పి మొదలుపెట్టాలి.

3. మైకు ముందు గొంతు పూడుకుపోతే దగ్గి మాట మార్చకూడదు. జనం చూస్తుండగా, కన్నీళ్ళు వచ్చినంతసేపూ, అలాగే నిలబడాలి.