కొల్లాపూర్ తోటలో ఒడిబియ్యం

నా చేతిరాత బాగుండదు. ఊరి బడిలో చదివిన చదువే నాది, అక్షరాల్లో తప్పులుంటాయి. చదివేవాళ్లు మన్నించాలి. పోయిన శుక్రవారం పొద్దున మా వదినె చనిపోయింది. చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గోడకు ఆనుకొని కూర్చుంది. మళ్లీ లేవలేదు. మా ఊరు తెలకపల్లి దగ్గర. చుట్టుపక్కల ఆమెను ఎరిగినవాళ్లు చాలామంది ఉన్నారు. అందరికీ కబురు అందలేదు, అందుకే రాస్తున్నాను.

మా అన్నను చేసుకొని ఆమె వచ్చేనాటికి మాకు అమ్మ లేదు. నేను, చెల్లె చిన్నవాళ్లం. నాకు నలుగురిలో నోరు లేవదు, ఇప్పటికీ అంతే. పెళ్లి బంతిలో కూర్చుంటే వదినె దూరం నుంచే నా విస్తరి చూసి కేకేసేది: "మా మరిదికి ఇంకింత పప్పు కావాల్నంట." నేను అడగలేదు. కానీ కావాలనిపించిన మాట నిజం. ఎవరైనా నన్ను ఏదైనా అడిగి జవాబు కోసం చూస్తుంటే, "జర ఆగుండ్రి, ఆయన మాట దూరంకెళ్లి రావాలె" అనేది. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి.

చెల్లెను కొల్లాపూర్‌లో ఇచ్చాం. ఏళ్ల కిందట మా ఇంటి పెళ్లిలో తనను మొదటి బంతికి పిలవలేదని బావ అలిగాడు. మా అన్న కూడా తగ్గలేదు. "మీ ఇంటి బియ్యం మాకొద్దు" అని బావ అందరి ముందు అనేసి పోయాడు. ఆడబిడ్డ కొంగులో పుట్టింటివాళ్లు పోసే పసుపు బియ్యం గురించి ఆ మాట. అప్పటి నుంచి చెల్లెకు ఒడిబియ్యం లేవు. అన్న పోయినప్పుడు వచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది.

వదినె గుండె బాగాలేదని పోయిన చలికాలం దవాఖానలో చెప్పారు. ఆ వారమే నాతో అంది. "మరిదీ, కొల్లాపూర్ పోదాం. రాజుల బంగ్లాలు సూసొద్దాం."

బస్సులో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆమెకు టికెట్ లేదు, నాకుంది. "పైసలిచ్చినోడివి నువ్వు, కిటికీ నీదే" అంది. దారి పొడుగునా మామిడి తోటలు పూత మీదున్నాయి. వాటి వెనక నల్లమల గుట్టలు. కాళ్ల దగ్గర సంచి బరువుగా ఉంటే ఏందని అడిగాను.

"బియ్యం. చెల్లెకు ఫోన్ చేయించిన. నేను పోయేలోపల దాని ఒడి నింపాలె."

"వాళ్లింటికి పోదామా?"

"పిలవంది నేను పోను. మనింటికి ఆయన రాడు. రాజుల తోటయితే ఎవ్వరిదీ కాదు."

బంగ్లా ముందర తోటలో చెల్లె ముందే వచ్చి నిలబడి ఉంది. బావ కూడా వచ్చాడు. కానీ దూరంగా, మాకు వీపు పెట్టి, బంగ్లా కమానులు చూస్తున్నాడు. పుట్టినప్పటి నుంచి ఆ ఊరే ఆయనది.

"మీ ఆయన బంగ్లా కొంటడా ఏంది?" అంది వదినె. చెల్లె నవ్వి, వెంటనే ఏడ్చింది.

వదినె సంచి విప్పింది. ఎండుకొబ్బరి కుడుకలు, రైకగుడ్డ, పసుపు కలిపిన బియ్యం, అడుగున బువ్వ గిన్నె. కాపలా అతను వచ్చాడు. "అవ్వా, ఈడ వంట చెయ్యొద్దు."

"వంట కాదు బిడ్డా, ఆడబిడ్డ పని. నువ్వు గూడ నిలవడు, పెద్దమనిషివయితవ్."

బావ అప్పుడు తిరిగాడు. భుజం మీది తువ్వాల తీసి గడ్డి మీద పరిచాడు. చెల్లె దాని మీద కూర్చుంది. నేను దోసిలి నిండా పోశాను. వదినె పక్కకు జరిగి నిలబడింది.

"వదినె, నువ్వు గూడ పొయ్యి" అంది చెల్లె.

"నేను పొయ్యొద్దు పిల్లా. మీ అన్న లేడు గద. నీ పసుపు కుంకుమ సల్లగుండాలె."

"నాకు తల దువ్విన చేతులవి. నువ్వు పొయ్యకుంటే ఇవి గూడ ఈడనే దులిపి పోత."

వదినె చెల్లెను చూడలేదు, బావను చూసింది. ముండమోసిన చెయ్యి పడితే కీడంటారు. ఆ కీడు తగిలేది ఆయనకే. ఆయన ఒక్క మాటంటే వదినె సంచి మడిచేసేది. మాకు చెల్లె ఇల్లు మళ్లీ ఉండేది కాదు.

బావ బియ్యం సంచి ఆమె ముందుకు జరిపాడు. "పొయ్యక్కా. నాకేం గాదు" అన్నాడు. ఆ వెంటనే, "బువ్వ గూడ నీ చేత్తోనే పెట్టు, పొద్దుగాలకెళ్లి తినలే" అన్నాడు.

ఆమె దోసిలి నింపి పోసింది. కొన్ని గింజలు గడ్డిలో పడ్డాయి. బావే వంగి ఏరి కొంగులో వేశాడు.

తిరుగు బస్సులో నేను, "బంగ్లాలు సూడనే లేదు వదినె" అన్నాను. "ఆడనే ఉంటయి, యాడికి పోతయి" అంది. రెండు చేతులూ ఒళ్లో తెరిచి పెట్టుకుంది, కడుక్కోలేదు. అరచేతుల గీతల్లో పసుపు ఉండిపోయింది. ఊరు వచ్చేదాకా ఆ చేతులతో ఏదీ పట్టుకోలేదు. బస్సు కుదిపినప్పుడల్లా నేనే ఆమె భుజం పట్టుకున్నాను.

ఆమె మీతో అన్న మాట ఏదైనా గుర్తుంటే రాసి పంపండి. చెల్లె, బావ దినాలయ్యేదాకా ఇక్కడే ఉంటారు. వాళ్లుండగానే అందేటట్టు జర తొందరగా రాయండి.