మూడు గాట్ల గుర్రపు నాడా

మొన్న మంచిర్యాల నుంచి నస్పూర్‌కు ఆటోలో వస్తుంటే రోడ్డు పక్కన ఒకాయన కొడవళ్లకు పదును పెడుతున్నాడు. ఎర్రగా కాలిన ఇనుమును పట్టకారుతో తీసి నీళ్ల డబ్బాలో ముంచాడు. సుయ్‌మని చప్పుడు, వెంటనే కాలిన ఇనుమూ తడి బొగ్గూ కలిసిన వాసన. నేను ఆటో ఆపించి దిగిపోయాను. "ఏందమ్మా, నస్పూర్ ఇంక దూరమున్నది గదా" అన్నాడు డ్రైవరు. "నాకు తెల్వదా?" అని ఆయన మీదికి లేచాను. ఆ చప్పుడు వింటే అందరికీ కొలిమి గుర్తుకొస్తుంది. నాకు మాత్రం కంప్యూటర్ ఆట గుర్తుకొస్తుంది. నవ్వుకోండి, నాకేం నష్టం లేదు. బీకాం చదివి, ఇద్దరు పిల్లల్ని పెంచిన నలభై ఆరేళ్ల ఆడమనిషి ఆటలో గుర్రాలకు ఇనుప నాడాలు చేసి అమ్మిందంటే మా ఆడపడుచు ఇప్పటికీ నవ్వుతుంది. నాకు ఆ పని నేర్పిన ఓదెలు కాకను మీరెవరూ చూడలేదు. అందుకే రాస్తున్నాను.

మావి బొగ్గు కంపెనీ క్వార్టర్లు. రెండిళ్లకు మధ్య ఒకటే గోడ. ఇటు మేము, అటు ఓదెలు కాక. ఆయన ముప్పై ఏళ్లకు పైగా బాయి మీది, అంటే బొగ్గుగని మీది, వర్క్‌షాపులో కమ్మరిగా చేసి రిటైరైన మనిషి. బొగ్గెత్తే చెమ్మస్ పారలు, గునపాల్లాంటి సబ్బళ్లు, గొడ్డళ్లు అన్నీ ఆయన చేతి మీదుగా గని లోపలికి దిగినవే. చివరి ఏడాది కుడి మణికట్టు మీద ఇనుప దిమ్మ పడింది. ఎముక అతుక్కుంది కానీ సుత్తె ఎత్తే బలం మళ్లీ రాలేదు. భార్య చనిపోయాక ఒక్కడే వండుకుని తినేవాడు. అప్పటికి ఆయనతో నాకున్న పరిచయం ఇంతే, నల్లా నీళ్ల దగ్గర రెండు తగాదాలు. రెండూ నేనే గెలిచాను.

మూడో తగాదాకు నేనే వెళ్లాను. నాలుగేళ్ల కిందట, వేసవి మధ్యాహ్నం. కాస్త నడుం వాల్చానో లేదో గోడ అవతల నుంచి టంగ్, టంగ్, టంగ్. మూడు రోజులు ఓర్చుకున్నాను, నాకు అది చాలా ఎక్కువ. నాలుగో రోజు వెళ్లి తలుపు బాదాను. "కాకా, ఇంట్ల కొలిమి పెట్టినవా ఏంది? మనుషులు పండొద్దా?"

ఆయన తలుపు తీసి పక్కకు జరిగాడు. లోపల కొలిమి లేదు. కరీంనగర్‌లో చదువుకునే మనవరాలు సెలవుల్లో వచ్చి వదిలి వెళ్లిన కంప్యూటర్ ఉంది. తెరమీద ఒక కొలిమి, ఇనుము పెట్టి కొట్టే ఒక దాగలి, దాని ముందు గడ్డం ఉన్న బొమ్మమనిషి. ఓదెలు కాక ఎడమచేత్తో మౌస్ నొక్కితే ఆ మనిషి సుత్తె వేస్తున్నాడు. టంగ్.

"ఇగ చెయ్యి లేవది గదా బిడ్డా," అన్నాడు కాక, తప్పు చేసి దొరికిన పిల్లవాడిలా. "గీ ఆటల లేస్తది."

స్టూల్ లాక్కుని కూర్చున్నాను. సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి పిలిచేదాకా లేవలేదు.

ఆ ఆట పేరు చెప్పినా మీకు నోరు తిరగదు. దేశదేశాల నుంచి వేలమంది ఒకేసారి ఆడతారు. ఎక్కువమంది కొండలెక్కి రాక్షసులను చంపుతారు, చంపితే నాణేలు రాలతాయి. ఇంకో దారి ఉంది. వండొచ్చు, కుట్టొచ్చు, ఇనుము కొట్టొచ్చు. చేసిన వస్తువు సంతలో పెడితే ఆడేవాళ్లే కొంటారు. వారం తిరగకముందే మా అమ్మాయి పాత ల్యాప్‌టాప్‌లో నేనూ ఒక కమ్మరినయ్యాను. చేరిన రోజే తొమ్మిది కత్తులు చేసి సంతలో పెట్టాను. ఒక్కటీ పోలేదు. "గీ మనుషులకు కండ్లు లేవా?" అని కాక మీద అరిచాను.

కాక నవ్వి ఆ సంత మొత్తం నాకు చూపించాడు. "చూడు, అందరు కత్తులే చేసిండ్రు. కత్తి ఒక్కపారి కొంటే ఆర్నెల్లు ఉంటది. గా కొండకు పోయేటోడు దేని మీద పోతుండు?"

"గుర్రం మీద."

"గుర్రం కాళ్లకేముంటయ్?"

నాకు ఒళ్లు జల్లుమంది! నాడాలు అరుగుతాయి. ప్రతి ప్రయాణానికీ అరుగుతాయి. రాక్షసులను చంపేవాడు గెలిచినా ఓడినా నాడాలు కొనక తప్పదు. కత్తులు పట్టుకుని ఎగిరే వేలమందికి తట్టని సంగతి ఎనిమిదో తరగతి చదివిన ఓదెలు కాకకు తట్టింది. మొదటి నాలుగు నాడాలు పెట్టిన పావుగంటకు అమ్ముడుపోయాయి. నాణేల చప్పుడు గలగలమంది. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. నా చదువు, నా తెలివి పెట్టి సంపాదించిన మొదటి సంపాదన అది. ఉత్తుత్తి నాణేలే, ఒప్పుకుంటాను. మరి నిజం నాణేలు సంపాదించే అవకాశం నాకు ఎవరిచ్చారు?

మంచి నాడా చేయాలంటే ఆటలోనూ ఓపిక కావాలి. ఇనుము ఎరుపు నుంచి నారింజ రంగుకు వచ్చేదాకా కాచుకుని, అప్పుడు కొట్టి, మళ్లీ కాల్చి, నీళ్లలో ముంచాలి. ఒక్కోదానికి పావుగంట. తొందరపడితే రెండు నిమిషాల్లోనూ అవుతుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, వాడితేగానీ తేడా తెలియదు. కాక ప్రతి నాడాకూ పావుగంట కూర్చునేవాడు. చివర్లో దాని మీద ఆయన ఎంచుకున్న మూడు గాట్ల గుర్తు పడేది. ఆయన నిజం వర్క్‌షాపులో కొట్టిన గుర్తే అది.

"గా గుర్తెందుకు కాకా?" అని అడిగాను ఒకసారి.

"బాయి లోపల చీకటి గదా బిడ్డా. పనిముట్ల కుప్పల నుంచి మనిషి బొటనవేలుతోటి తడుముకొని నా సబ్బల్ ఏరుకునేటోడు. మొకం తెల్వది, మాట తెల్వది. గాట్లు తెలుసు."

ఆ ఆటలో సంతవీధి ఉంది. అక్కడ మూడు నెలలకొకసారి ఒక దుకాణం ఖాళీ అవుతుంది. అందరికంటే ముందు ఇరవై వేల నాణేలు కట్టినవాళ్లదే. పైన బోర్డు మీద మన పేరు. ఆ బోర్డు చూసినప్పటి నుంచి నాకు ఊపిరాడలేదు. ఎందుకో చెప్తాను. క్వార్టర్ మా ఆయన పేరు మీద, గ్యాస్ ఆయన పేరు మీద, కరెంటు కంపెనీది. నా డిగ్రీ కాగితం బీరువా అడుగున చీరల కింద. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నా పేరు రాసి ఉన్నది పెళ్లిలో వచ్చిన స్టీలు బిందె ఒక్కటే. 'స్వరూప' అని పెద్ద అక్షరాలతో, నలుగురు నడిచే వీధిలో ఒక బోర్డు. అది ఉత్తుత్తి వీధి అయితేనేం?

దుకాణం ఖాళీ కాబోతున్న వారానికి నా దగ్గర పన్నెండు వేలున్నాయి. బుధవారం నాడు, ఆటలో మా దగ్గర నాడాలు కొనే శంకర్ అడిగాడు. అతనిది జమ్మికుంట, గల్ఫ్‌లో పని. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు పదిమంది దోస్తులతో కలిసి ఆటలో పెద్ద యుద్ధానికి వెళ్తాడు. "అక్కా, శుక్రారం పొద్దటికి నలభై నాడాలు గావాలె. కాక మార్కువి. ఒక్కోటి రెండువందలు." లెక్క మీకూ తెలిసిపోయింది కదా! ఎనిమిది వేలు! కాక మార్కు కావాలంటే కాక దాగలి మీదే చేయాలి, అలా చేసినవాటి మీద ఆయన గాట్లే పడతాయి. కాకను అడిగితే "చేస్కో, నీకు చేతనైతది" అన్నాడు.

గురువారం పెద్దపల్లి నుంచి మా ఆడపడుచు కుటుంబంతో దిగింది. రోజంతా వంటలే సరిపోయాయి. శుక్రవారం పొద్దున కాక బతికే ఉన్నానని పింఛను ఆఫీసులో సంతకం పెట్టడానికి మంచిర్యాల వెళ్తూ తాళంచెవి ఇచ్చాడు. నలభై నాడాలు, ఒక్కోటి పావుగంట. పది గంటల పని. పన్నెండింటికి దుకాణం ఖాళీ అవుతుంది. నేను రెండు నిమిషాల నాడాలు చేశాను. నలభై చేశాను. మూడు గాట్లు నలభైసార్లు పడ్డాయి. చేస్తున్నంతసేపూ నాతో నేనే వాదించాను, ఆటే కదా, ఇనుమే లేదు కదా, ఎవరి కాలూ విరగదు కదా అని. వాదనలో నన్ను నేను కూడా ఓడించగలను.

శంకర్ నాడాలు తీసుకుని ఎనిమిది వేలు నా ఖాతాకు పంపాడు. పన్నెండు కొట్టగానే ఇరవై వేలు కట్టాను, బోర్డు లేచింది. 'స్వరూప'. నేను కాక ఇంట్లో ఒక్కదాన్నే గంతులు వేశాను. ఆయన తిరిగొచ్చి తెర చూసి ఎంత సంబరపడ్డాడో! టీ పెట్టి, బయట అరుగు మీద కూర్చున్న ఇద్దరిని కూడా లోపలికి పిలిచి చూపించాడు. "మా స్వరూప దుకాణం" అన్నాడు. నేను తెర వైపు చూడకుండా గ్లాసులు కడగడానికి లేచాను.

నాలుగు గంటలకు స్పీకరులోంచి శంకర్ గొంతు. "కాకా, ఏంది కాకా గిది! సగం తొవ్వల గుర్రాలన్నీ కూలవడ్డయ్. పదిమందిమి ఓడిపోయినం. వారమంతా ఇగ గీ ఒక్క రోజు కోసమే సూస్తం. నీ గాట్లు సూసి తీసుకుంటి గదా కాకా!"

ఓదెలు కాక నా వైపు చూడలేదు. మైకు దగ్గరికి వంగి "పైసలు వాపస్ ఇస్త బిడ్డా" అన్నాడు. ఆటలోని తన నాణేల పెట్టె తెరిచి, ఎడమచేతి వేలితో ఒక్కో అంకె వెతికి ఎనిమిది వేలు నొక్కబోయాడు.

"నువ్వెందుకిస్తవ్?" అన్నాను. "చేసింది నేను. అయినా గిది ఆట కాకా! ఇంత పరేషాన్ అవసరమా?"

"ఆటనే. నీ దుకాణం నీది, నేనేమన్న అంటున్ననా?" గొంతు పెంచలేదు. "గాట్లు మాత్రం నాయి. పైసలు నేనే ఇయ్యాలె."

అన్ని తగాదాల్లో గెలిచిన నేను ఈ ఒక్కటి ఓడిపోయాను. కొన్న రోజే తిరిగి ఇచ్చేస్తే దుకాణం డబ్బు మొత్తం వాపసు వస్తుంది. ఆయన చేతిలోంచి మౌస్ లాక్కుని, నా ఖాతా తెరిచి నేనే నొక్కాను. బోర్డు దిగింది. నా పేరు ఆ వీధిలో నాలుగు గంటలు ఉంది. రెండు నిమిషాల్లో వేరెవరో ఆ దుకాణం ఎత్తుకెళ్లారు. ఎనిమిది వేలు శంకర్‌కు పంపి, సంతలో అందరికీ కనబడే పలక మీద రాయడం మొదలుపెట్టాను: 'ఆ నలభై నాడాలు ఓదెలు కాక చేసినవి కావు, తొందరలో నేను చేశాను. తప్పు నాదే, కానీ ఇంట్లో చుట్టాలు...'

కాక తెరమీద వేలు పెట్టాడు. "గీ 'కానీ' నుంచి అంతా తీసెయ్ బిడ్డా."

తీసేశాను. నా జీవితంలో 'కానీ' లేకుండా ఒప్పుకున్న మొదటి తప్పు అదే. మా ఆయన విని నమ్మలేదు, నన్ను మళ్లీ చెప్పమన్నాడు.

మర్నాటి నుంచి ఐదు మధ్యాహ్నాలు నలభై నాడాలు మళ్లీ చేశాను, ఒక్కోటి పావుగంట. కాక పక్కన కూర్చుని రంగు చూసేవాడు. "ఆగు... ఇంక ఆగు... ఇగ కొట్టు!" అని ఆయన అరిస్తే నేను నొక్కేదాన్ని. ఇద్దరం అలా అరుచుకుంటుంటే అటు పక్క క్వార్టరామె వచ్చి తలుపు బాదింది. "మనుషులు పండొద్దా?" అంది. కాక నన్ను చూసి పడీపడీ నవ్వాడు. ఆ నలభై శంకర్ వాళ్లకు ఊరికే ఇచ్చాం. తర్వాతి శుక్రవారం వాళ్లు గెలిచారు. గల్ఫ్‌లో పదిమంది, నస్పూర్‌లో ఇద్దరం, ఒకేసారి అరిచాం.

మూడు నెలలకు ఇంకో దుకాణం ఖాళీ అయింది. ఈసారి పావుగంట నాడాలతోనే ఇరవై వేలు జమచేశాను. బోర్డు మీద ఓదెలు కాక పేరు పెడతానంటే ఆయన కసురుకున్నాడు. "నా పేరు వద్దు. నీ పేరే పెట్టు. రేపు చెడితే నిన్నే తిట్టాలె గదా." అదే ఆయన నాకిచ్చిన పట్టా.

కిందటి చలికాలం కాక పోయాడు. నాలుగు రోజుల జ్వరం, అంతే. ఆయన కూతురు సామాను సర్దుతూ ఒక పాత కత్తిపీట నా చేతిలో పెట్టింది. పీట కింద, కంటికి కనబడని చోట మూడు గాట్లు. కూరగాయలు తరిగేముందు నా బొటనవేలు దానంతటదే అక్కడికి పోతుంది.

సంతవీధిలో నా బోర్డు ఇంకా ఉంది. మా ఆడపడుచు ఇంకా నవ్వుతూనే ఉంది. నిన్న శుక్రవారం శంకర్ దుకాణానికి వచ్చాడు.

"అక్కా, నలభై."

"తమ్మీ, ఒక్కోటి చూసుకొని తీస్కపో."

"నువ్వు చూసినవ్ గదా," అని సంచిలో వేసుకుని గుర్రమెక్కాడు. ఒక్కదాన్నీ తిప్పి చూడలేదు.