చప్పుడు చేసి చూపించమనే మావయ్య

జూలై తొమ్మిది, బుధవారం. ఆ పొద్దుటి మొదటి వింత, అత్తయ్య నాకు ఫోన్ చెయ్యడం. ఫోన్ వస్తే ఎత్తుతుందే గాని, అత్తయ్య తనంతట తాను ఎవరికీ చెయ్యదు. పైగా నేను మేడ మీద గదిలో ఉన్నాను, తను కిందే ఉంది. "అమ్మాయ్, మీ మావయ్య లేవట్లేదే," అంది. మెట్లు ఎలా దిగానో గుర్తులేదు. డాక్టరు గారు వచ్చి చూసి, నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

మావయ్య మా అమ్మకి అన్నయ్య. రాజమండ్రిలో ఇంటి పక్కనే ఆయన కార్ల షెడ్డు. నేను డిగ్రీలో తెలుగు తీసుకుని వాళ్ళింట్లోనే ఉండి చదువుకుంటున్నాను. నిన్న మావయ్య జ్ఞాపకార్థం ఆదరణ కూటం అయ్యింది. చర్చి వాళ్ళు ప్రార్థన చేసి, భోజనాలు చేసి వెళ్ళిపోయారు. అద్దె కుర్చీలు వరండాలో ఒకదాని మీద ఒకటి అలాగే ఉన్నాయి. వాటిని తీసుకెళ్ళమని చెప్పే ఓపిక కూడా ఇంట్లో ఎవరికీ లేదు. నాకూ రాసే ఓపిక లేదు. కానీ షెడ్డులో ఒక ఎర్ర కారు ఉండిపోయింది. దాని ముందు చక్రం విప్పింది మావయ్య. కట్టకుండానే వెళ్ళిపోయాడు.

ఆ కారు కడియం నర్సరీ ఆయనది. రెండే సీట్ల స్పోర్ట్స్ కారు, ఎవరో వాడినదాన్ని ముచ్చటపడి హైదరాబాదు నుంచి తెచ్చుకున్నాడు. మొక్కల లారీల మధ్య మిరపపండులా మెరుస్తూ వచ్చేది. బ్రేకు అరుస్తోందని దాన్ని లారీ మీద ఎక్కించుకుని మావయ్య దగ్గరికి తీసుకొచ్చాడు.

మావయ్యకి ఒక పద్ధతి ఉండేది. బండి తెచ్చినవాళ్ళు ఆ చప్పుడు నోటితో చేసి చూపిస్తే గాని పానా పట్టుకునేవాడు కాదు.

"ఎలా అరుస్తోందండి?"

"బ్రేకు తొక్కితే అరుస్తోందండి."

"అది కాదండి. చేసి చూపించండి."

నర్సరీ ఆయన పెద్ద మీసాల మనిషి. నా వైపు చూశాడు, అత్తయ్య వైపు చూశాడు. గొంతు సవరించుకుని, "కీ..." అన్నాడు.

"బండి ఆగే ముందా, తొక్కగానేనా?"

"ఆగే ముందండి."

"అయితే చివర సన్నబడాలి కదండీ. మళ్ళీ కానివ్వండి."

ఆయన కళ్ళు మూసుకుని, మెడ సాచి, "కీఈఈ..." అని సన్నగా లాగాడు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది.

"బాగా చేశారండి. మరి లారీ మీద ఎందుకు తెచ్చారు? నడుపుకుంటూ రావచ్చుగా?"

నర్సరీ ఆయన తల దించుకున్నాడు. "కందెన రాశానండి. మా నాన్నగారి ఎడ్లబండి కిర్రుమంటే ఇరుసుకి అలాగే రాసేవాళ్ళం. అరుపైతే ఆగింది. బండే ఆగలేదు. క్రోటన్ కుండీల్లోకి వెళ్ళాక ఆగిందండి."

మావయ్య నవ్వలేదు. కింద కూర్చుని, నూనె తాగిన బ్రేకు ప్యాడ్ వేలితో తడిమి చూశాడు. "ఇరుసు తిరగాలండి, దానికి కందెన కావాలి. బ్రేకు ఆపాలి. రాపిడే దానికి ప్రాణం. అరిచే బ్రేకుతో ఇంటికి చేరొచ్చు. నోరు మూయించిన బ్రేకుతో చేరలేం," అన్నాడు.

చప్పుళ్ళ విషయంలో ఆయన అలాంటివాడే. చర్చిలో వెనక వరసలో కూర్చుని, పాస్టరు గారు వాక్యం చెబుతుంటే మధ్యలో పైకి చూసేవాడు. కొత్తవాళ్ళు భక్తి అనుకునేవారు. ఫ్యాను కిర్రుమంటోందని మాకు తెలుసు. వచ్చే ఆదివారానికి ఆ ఫ్యాను నోరు మెదిపేది కాదు.

నేను తెలుగు తీసుకున్నానంటే చుట్టాలు పెదవి విరిచారు గాని, ఆయన సంబరపడ్డాడు. "ఏంటే కోడలుపిల్లా, దీన్నేమంటారు మీ పుస్తకాల్లో?" అని బానెట్ ఎత్తి పిలిచేవాడు. గరగర, కటకట, రొద, కుయ్యిమనడం, కీచుమనడం. నేను ఒక మాట చెబితే, ఆయన చెవి ఒగ్గి మళ్ళీ విని, "కాదే, ఇంకొంచెం తడిగా ఉంది," అనేవాడు. చప్పుడు తడిగా ఉండడమేంటని అప్పుడు నవ్వాను. ఇప్పుడు ఏ మాట రాసినా అది తడిగా ఉందో పొడిగా ఉందో వినాలనిపిస్తోంది.

పోయే ముందు రోజు, మంగళవారం సాయంత్రానికి కారుకి కొత్త ప్యాడ్లు వేశాడు, డిస్కులు కడిగాడు, బ్రేకాయిల్ మార్చాడు. డ్రైవరు వైపు ముందు చక్రం ఒక్కటే మిగిలింది. అసలు దొంగ అక్కడే దొరికాడు. ప్యాడ్ ముందుకీ వెనక్కీ జరగడానికి ఉండే పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. తొక్కినప్పుడు వెళ్ళిన ప్యాడ్ వెనక్కి రాలేక, చక్రంతో తిరిగే డిస్కుని రాసుకుంటోంది. "రేపు పొద్దున్న దీన్ని రుద్ది కట్టేద్దాం," అని చేతులు కడుక్కున్నాడు. కడుక్కుంటూ ఎడమ భుజం నొక్కుకున్నాడు. నేను చూశాను. అత్తయ్య అడిగితే, "గ్యాసు," అన్నాడు. జీలకర్ర నీళ్ళు తాగాడు.

"అందరి చేతా చప్పుడు చేయించాడే," అంది అత్తయ్య, సమాధి దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రం. "తన నొప్పికి మాత్రం కందెన రాసుకున్నాడు."

ఆ రోజే నర్సరీ ఆయన, "మీకు ఇబ్బందమ్మా, లారీ పంపించి తీసుకెళ్ళిపోతాను," అన్నాడు. అత్తయ్య ఒప్పుకోలేదు. ఇవాళ మధ్యాహ్నం షెడ్డు షట్టరు ఎత్తింది. "నాలుగు రోజులు ఆగకూడదా వదినా?" అంది, కూటానికి వచ్చి ఉండిపోయిన అమ్మ. "విప్పిన చక్రంతో పంపిస్తే మీ అన్నయ్యకి మాటొస్తుంది," అంది అత్తయ్య.

పిన్ను లాగి, గరుకు కాగితంతో రుద్ది, వేలి కొసతో కాస్త గ్రీజు రాసింది. "కందెన పడాల్సింది ఇక్కడే," అని తనలో తనే అనుకుంది. తర్వాత బ్రేకాయిల్ గొట్టాల్లో చేరిన గాలి తియ్యాలి. దానికి ఇద్దరుండాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర చిన్న నట్టు విప్పి గాలి వదలాలి. పెళ్ళయినప్పట్నుంచీ తొక్కింది అత్తయ్యే. కూర పొయ్యి మీద ఉన్నా మావయ్య కేకేసేవాడు, "తొక్కు... పట్టు... వదులు." కూర మాడితే అత్తయ్య నెపం ఆ మూడు మాటల మీదకి తోసేసేది.

ఇవాళ సీట్లో నేను కూర్చున్నాను. చక్రం దగ్గర అత్తయ్య. పానా నట్టుకి తగిలించిన చప్పుడు వినపడింది. తర్వాత, "తొక్కు," అంది. తొక్కాను. "పట్టు," అంది. గొంతు ఆమెదే, సాగదీయడం మావయ్యది. "వదులు," అనడానికి ఆమెకి కాస్త ఆలస్యమైంది. నేను పట్టుకునే ఉన్నాను.

పక్క షెడ్డు మేస్త్రీ వచ్చి ప్రతి నట్టూ బిగించి చూసి, బాగుందన్నాడు. సాయంత్రం నర్సరీ ఆయన వచ్చి, కారు చుట్టూ తిరిగి, అత్తయ్య ముందు నిలబడ్డాడు. "మళ్ళీ అరిస్తే ఎవరికి చేసి చూపించాలమ్మా నేను?"

అత్తయ్య చేతులు తుడుచుకుంది. "నాకే చూపించండి. కాకపోతే నేను నవ్వుతానండి."

కొత్త ప్యాడ్లు కుదురుకోవాలంటే మెల్లగా నడుపుతూ మళ్ళీ మళ్ళీ తొక్కాలట. రేపు పొద్దున్నే, మొక్కల లారీలు రోడ్డెక్కకముందే, కాలవ గట్టు మీదకి తీసుకెళ్తాం. నర్సరీ ఆయన నడుపుతాడు, పక్క సీట్లో నేను. లాకుల దగ్గర అత్తయ్య నిలబడి వింటానంది. అద్దాలు రెండూ దించుకునే వెళ్ళాలి.