గంజి కాచి ఏడో తరగతికి

ఎనెలెసిది పెద్ద గొంతు. ఆమె బంగాళాదుంప మళ్ళ ఈ చివర నిలబడి పిలిస్తే అవతలి గుట్ట మీద మేకలు కూడా తలెత్తి చూస్తాయని మొగుడు లమేకి అంటుండేవాడు. ఆ గొంతు చూసే త్సంగానో ఊరి ఆడవాళ్ళు ఆమెను బడి తల్లుల సంఘానికి పెద్దను చేశారు. పొద్దున్నే బడి వెనక పెద్ద డ్రమ్ములో మొక్కజొన్న, సోయా పిండి గంజి కాచి పిల్లలకు పోయాలి. ఎదిగిన ఆడపిల్లలకు నెలసరి గుడ్డలు కుట్టిపెట్టాలి. బడి మానేసిన వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి నచ్చజెప్పి తీసుకురావాలి. ఈ చివరి పనిలో ఎనెలెసికి ఎదురు లేదనేవారు. అదంతా జియోని ఇంటికి వెళ్ళేదాకానే.

జియోని తల్లి లేని పిల్ల. అమ్మమ్మ మలిత పెంచింది. ఏడో తరగతిలో ఉండగా కడుపుతో బడి మానేసింది. కారణమైనవాడు సరిహద్దు దాటి మొజాంబిక్ వైపు వెళ్ళిపోయి మళ్ళీ కనపడలేదు. బిడ్డ మెడ నిలిపే వయసు రాగానే ఎనెలెసి వాళ్ళ వాకిట్లో వాలింది.

"ఏమే జియోనీ, ఇంక బడికి రా. కాన్పయిన పిల్లల్ని మళ్ళీ చేర్చుకోవాలని సర్కారే చెప్పింది."

"ఏ మొహం పెట్టుకుని రాను అత్తా? నా ఈడు వాళ్ళంతా పై తరగతికి పోయారు. పాలతో తడిసిన బట్టలేసుకుని చిన్నపిల్లల మధ్య కూర్చోనా?"

"కూర్చుంటే ఏం పోయింది? చదువు దగ్గర సిగ్గేంటి?"

అరుగు మీద చిక్కుళ్ళు ఒలుస్తున్న మలిత తలెత్తకుండానే అందుకుంది. "చెప్పేవాళ్ళు ఎందాకా వెలగబెట్టారో?"

"ఆరు దాకా."

"మరి ఎందుకు మానేశావమ్మా?"

అది ఊరందరికీ తెలిసిందే. ఎనెలెసి పెద్దకూతురు అప్పుడే కడుపున పడింది.

"అయితే నువ్వు రా అత్తా," అంది జియోని, బిడ్డను భుజం మార్చుకుంటూ. "నువ్వొచ్చి తరగతిలో కూర్చున్న రోజున నేనూ వస్తా."

వదిలించుకోవడానికి అన్న మాట అది. కానీ ఎనెలెసి దాన్ని పట్టుకుంది. ఒప్పించకుండా ఒక గుమ్మం దిగిరావడం ఆమెకదే మొదలు.

ఇంటికొచ్చి తానూ బడిలో చేరతానని చెబితే లమేకి పొలమారేలా నవ్వాడు. "నీకు లెక్కలు రావు కదే!"

"దుంపల బస్తా తూకంలో మోసం జరిగితే పట్టుకునేదెవరు?"

"అది కోపమే, లెక్క కాదు."

మర్నాడు గంజి పోయడం అయ్యాక చేతులు కడుక్కుని ఆమె హెడ్మాస్టరు గడామ గదికి వెళ్ళింది. వంటచెరుకు గురించి వచ్చిందనుకున్నాడు ఆయన.

"ఏడులో చేరతాను సార్."

"అమ్మా, ఉన్న పిల్లలకే బెంచీలు చాలడం లేదు."

"నేల మీద కూర్చుంటా. నేల చాలుతుందా?"

యూనిఫాం లేనిదే కుదరదన్నాడు గడామ, దాంతో వెనక్కి తగ్గుతుందని. సంఘం ఆడవాళ్ళు నవ్వుకుంటూనే నీలం గుడ్డ తెచ్చి, ఇద్దరు పిల్లలకు సరిపోయేంతది ఆమె ఒక్కదానికీ కుట్టారు.

బోరింగు దగ్గర ఆడవాళ్ళు ఆమెను వదల్లేదు. "ఏం బడిపిల్లా, హోంవర్కు అయిందా?" ఎనెలెసి బిందె నింపుకుని, కావాలనే జియోని ఇంటి ముందు నుంచి నడిచేది. "పిల్లకు రావలసిన బుద్ధి తల్లికొచ్చింది చూడండి!" అని మలిత గుమ్మంలోంచి అరిచింది. జియోని బయటికొచ్చి ఆ నీలం గౌను చూసి పగలబడి నవ్వింది. కాన్పయ్యాక ఆమె అలా నవ్వడం మలిత చూడలేదు.

కొన్నాళ్ళకు జియోని బిడ్డను వీపున కట్టుకుని బడికి వచ్చింది. గంజి పొయ్యి దగ్గర తల్లులు బిడ్డను ఎత్తుకున్నారు. ఏడిస్తే కిటికీలోంచి సైగ చేసేవారు, ఆమె వెళ్ళి పాలిచ్చి వచ్చేది.

ఎనెలెసికి చదువు ఎక్కలేదు. చిచేవా భాష పాఠం గడగడా చదివేది గానీ భిన్నాలు చూస్తే చెమటలు పట్టేవి. జియోని మొక్కజొన్న పిండితో వండిన అన్సీమా ముద్దను నాలుగు తుంపులు చేసి చూపించేది. "ఇందులో మూడు తింటే మిగిలిందెంత అత్తా?"

"ఆకలి మిగిలింది," అనేది ఎనెలెసి.

వానలు దిగి దుంపలు తవ్వే రోజులొచ్చేసరికి ఆమె బడికి రావడం మానేసింది. ఒకరోజు బురదలో కాళ్ళీడ్చుకుంటూ జియోని చేనికి వచ్చింది.

"రావడం లేదేం అత్తా?"

"ఈ చేను ఎవరు తవ్వుతారే? నా వయసుకి ఆ భిన్నాలు రావు. నిన్ను బడికి చేర్చడం నా పని, అది అయింది."

 జియోని బిడ్డను గట్టు మీద పడుకోబెట్టి, పార అందుకుని పక్క చాలు తవ్వడం మొదలెట్టింది. ఆ చాలు పూర్తయ్యాక, "రేపు సెలవు. ఎల్లుండి రా," అంది. ఎనెలెసి వెళ్ళింది.

మరుసటి ఏడాది ఇద్దరూ రాసిన ఎనిమిదో తరగతి పరీక్ష ఫలితాలు బడి ముంగిట్లో గడామ చదివి వినిపించాడు. జియోని పేరు ఉంది, పై బడికి సీటు కూడా వచ్చింది. ఎనెలెసి పేరు లేదు. ఆమె అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, తర్వాత వంటపాక వెనక్కి వెళ్ళి కడిగిన డ్రమ్మునే మళ్ళీ తోముతూ కూర్చుంది. లమేకి వచ్చి చేతిలోంచి పీచు లాక్కున్నాడు.

"ఇంకోసారి రాయి. ఈ ఏడాది దుంపలు నేను చూసుకుంటా."

"నవ్వవా?"

"నవ్వుతా. అయినా రాయి."

రెండోసారి అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. పై చదువుకు వెళ్ళలేదు. ఆ బడి చాలా దూరం, పైగా ఆమెకు తన పని ఉంది. ఆ ఏళ్ళలో చంటిబిడ్డలతో మరికొందరు అమ్మాయిలు తిరిగి వచ్చారు. వాళ్ళలో ఒకతె మధ్యలోనే మానేసి పెళ్ళి చేసుకుంది. ఎనెలెసి ఆ పిల్ల ఇంటికి మూడుసార్లు వెళ్ళినా రాలేదు.

జియోని ఇప్పుడు పై బడిలో చివరి ఏడాది. శనివారాలు ఆసుపత్రి వరండాలో నర్సు పక్కన కూర్చుని, ఆడపిల్లలు నర్సును అడగలేనివి తాను విని చెబుతుంది. ఆమె కొడుకు యామికాని ఒకటో తరగతి. గంజి వరసలో అందరికంటే ముందు ఉంటాడు. రెండో కప్పు అడిగితే ఎనెలెసి ముందు గరిటె ఎత్తి బెదిరిస్తుంది, ఆ తర్వాత పోస్తుంది.