అభిప్రాయాల పుస్తకంలో నా పేజీ

పోయిన ఆదివారం మా బంధువులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో మా తమ్ముడి మనవరాలు ఒక ప్రశ్న పెట్టింది. అందరూ మెచ్చుకున్నా మీకు నచ్చని సినిమా ఏది, అందరూ తిట్టినా మీకు నచ్చిన సినిమా ఏది, దాచకుండా చెప్పండి అని. సాయంత్రానికల్లా కోయంబత్తూరు నుంచి, మదురై నుంచి, తేనిలో ఏలకుల వ్యాపారం చేసే మా బావమరిది ఇంటి నుంచి జవాబులు వచ్చి పడ్డాయి. ఊరంతా నెత్తిన పెట్టుకున్న సినిమాను ఒక పిల్ల రెండు ముక్కల్లో తీసిపారేస్తే, ఆ సినిమా అంటే పడిచచ్చే వాళ్ళ నాన్నే నవ్వుతున్న బొమ్మ పంపాడు. అంతా సరదాగానే ఉంది, నేను మాత్రం ఫోను బోర్లా పెట్టేశాను. డెబ్బై దాటిన మనిషికి సినిమా ప్రశ్నకు ఇంత భయం ఏమిటని మీరు అనుకోవచ్చు. ఇదే ప్రశ్నకు ఒకప్పుడు నీలం సిరాతో, దాచకుండా జవాబు రాసి, ఆ తరవాత పది రోజులు అన్నం సహించక తిరిగినవాణ్ణి నేను.

మాది కారమడై పక్కన ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ముత్తాతల నాటి నుంచి మాకు మాట మిగిలింది గాని రాత మిగల్లేదు. మా చుట్టాలందరినీ ఒకచోట నిలబెట్టినా తెలుగు అక్షరం చదివేవాళ్ళు దొరికేవారు కాదు. నేను పదో తరగతితో చదువు ఆపి కోయంబత్తూరు మిల్లులో చేరాక, ఆ ఊళ్ళోని గ్రంథాలయంలో ఒక మూల బీరువాలో ఒక వరుస తెలుగు పుస్తకాలు కనిపించాయి. రోజూ నేను మాట్లాడే మాటలే వాటిలో ఉన్నాయని తెలిసీ ఒక్కటీ చదవలేకపోవడం నన్ను కాల్చేసింది. పిల్లల వాచకం ఒకటి సంపాదించి, సెలవు రోజుల్లో అక్కడే కూర్చుని, గుణింతాలు దిద్ది దిద్ది, ఏడాదిన్నరలో నవల చదివేదాకా వచ్చాను. గురువంటూ ఎవరూ లేరు. ‘క్ష’ను, ‘జ్ఞ’ను తడుముకోకుండా గుర్తుపట్టిన రోజు నాకు నేనే ఒక కాఫీ కొనిపెట్టుకున్నాను. ఈ గర్వం ఇప్పటికీ తగ్గలేదని ఒప్పుకుంటాను.

ఆ సంగతి మొదలాళి చెవిన పడింది. మిల్లు యజమానిని మేమంతా అలాగే పిలిచేవాళ్ళం. ఆయనా మా తెలుగువాడే, భాష అంటే ప్రాణం, చదవడం మాత్రం మావాళ్ళకు లాగే రాదు. గేటు పక్కన కార్మికుల కోసం ఒక పఠనమందిరం కట్టించి, నన్ను నూలు యంత్రాల దగ్గర్నుంచి తీసి అందులో కూర్చోబెట్టాడు. ఏడాది చూసి ఖాయం చేస్తామన్నారు, నచ్చకపోతే మళ్ళీ యంత్రాల దగ్గరికే. మా నాన్న ఆ దూది నుసి పీల్చి పీల్చి యాభై దాటకుండానే పోయాడు, నాకూ అప్పటికే పొడిదగ్గు మొదలైంది. కాబట్టి ఆ కుర్చీ నాకు ఉద్యోగమే కాదు, ఊపిరి.

ఆ రోజుల్లో మా ఊరికి తెలుగు సినిమా ఎప్పుడో గాని వచ్చేది కాదు, వచ్చినా ఆదివారం ఉదయం ఒక్క ఆట. మావాళ్ళు పట్టుచీరలు కట్టుకుని, పెళ్ళికి పోయినట్టు పోయేవాళ్ళు. సినిమా బాగుందా అన్నది అసలు ప్రశ్నే కాదు, మన భాష తెర మీద వినిపించిందా లేదా, అంతే. మొదలాళి ఒక బైండు పుస్తకం తెప్పించి, సినిమా చూసినవాళ్ళందరి అభిప్రాయాలూ అందులో మన అక్షరాల్లోనే ఉండాలన్నాడు. వాళ్ళు వచ్చి చెప్పేవాళ్ళు, నేను రాసేవాణ్ణి. రాసింది ఎవరూ చదవలేరు గాని, తమ మాట అక్షరమైందని చూసి వేలితో తడిమి సంతోషపడి పోయేవాళ్ళు.

ఆ ఏడు రెండు సినిమాలు వచ్చాయి. మొదటిదానిలో సగంసేపు ఒక తపాలావాడు వానలో ఒక ఇల్లు వెతుకుతూ తిరుగుతాడు. పాటల్లేవు, కొట్లాటల్లేవు. “ఆ ఉత్తరం నాకిచ్చి ఇంటికి పో సామీ, తడిసి చస్తావు!” అని ఒకాయన అరిస్తే హాలంతా నవ్వి, సగంలోనే లేచిపోయింది. చివరిదాకా కూర్చున్నది నేనూ, నిద్రపోతున్న ఒక ముసలాయనా. రెండోది మొదలాళి స్వయంగా మద్రాసు పోయి తెచ్చిన సినిమా. తమ్ముళ్ళ కోసం అన్నీ వదులుకున్న ఒక అన్న కథ. వాళ్ళ మాట విని ఆయన కట్టుకున్నదాన్ని ఇంట్లోంచి పంపేస్తాడు, చివరికి ఆమే తిరిగి వచ్చి ఆయన కాళ్ళు పట్టుకుని క్షమించమంటుంది. హాలంతా ఏడ్చింది. తనను పెంచిన అన్నను తలుచుకుని మొదలాళి తుండు నోటికి అడ్డం పెట్టుకుని మరీ ఏడ్చాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

అందరి మాటలూ రాసిన తరవాత ఒక పేజీ మిగిలింది. ఎలాగూ ఎవరూ చదవరు కదా అన్న ధీమా ఒకటి, నేర్చుకున్న రాతను సొంత మాటకు వాడాలన్న ఉబలాటం ఒకటి. ఆ అన్న త్యాగమంతా భార్య నెత్తి మీద చేసినదేననీ, ఆమె ఏ తప్పూ చేయలేదనీ, కాళ్ళు పట్టుకోవలసింది ఆయనేననీ రాశాను. మనవాళ్ళు సగంలో లేచి వెళ్ళిపోయిన తపాలావాడి సినిమా దీనికంటే ఎంతో గొప్పదనీ, ఎందుకో వివరంగా రాసి, కింద సంతకం కూడా పెట్టాను.

నెల తిరక్కుండా మొదలాళి పెద్దకొడుక్కి పెళ్ళయింది. అమ్మాయిది చిత్తూరు వైపు, తెలుగు బడిలో చదువుకున్న పిల్ల. కొత్తచోట ఆమెకు పొద్దు పోవడం లేదని, చదువుకోవడానికి తెలుగులో ఏముంటే అది పట్టుకు రమ్మని మొదలాళి డ్రైవరును పంపాడట. నేను భోజనానికి పోయి వచ్చేసరికి మూడు నవలలూ, వాటితోపాటు అభిప్రాయాల పుస్తకమూ వెళ్ళిపోయాయి.

మా అమ్మకు చెబితే తల పట్టుకుంది. “ఏంటికిరా నీకీ వేండాత పని, అక్కర్లేని పని? బాగుందని నలుగురూ అంటే నువ్వూ అని వచ్చేయకూడదా? నోటితో అనుంటే గాలికి పోయుండును, రాసి పెట్టి సంతకం వేరే!” అంది. నిజమే. ఆ రోజు నుంచి గేటులో మొదలాళి కారు కనిపిస్తే నేను బీరువా వెనక్కు పోయేవాణ్ణి. ఆయన నవ్వితే ఎందుకు నవ్వాడని భయం, నవ్వకపోతే కోడలిచేత చదివించుకున్నాడేమోనని భయం. యంత్రాల దగ్గర పాత నేస్తాలు దగ్గుతుంటే ఆ దగ్గు నన్నే పిలుస్తున్నట్టు ఉండేది.

పదో రోజున మొదలాళి పఠనమందిరంలో అందరినీ కూర్చోబెట్టి కాఫీలు ఇప్పించాడు. కొత్తకోడలు అత్తగారి పక్కన ముందు వరుసలో కూర్చుంది, పుస్తకం ఆమె ఒళ్ళో ఉంది. దాన్ని నా చేతికిప్పించి, అందరి అభిప్రాయాలూ పైకి చదవమన్నాడు. ఒక్కొక్కరి పేరూ చదువుతుంటే వాళ్ళు కొత్తగా వింటున్నట్టు సిగ్గుపడి నవ్వారు. చివరి పేజీ తిప్పాను. నా సంతకం కింద పెన్సిల్‌తో, గుండ్రటి అక్షరాల్లో, రెండు వాక్యాలున్నాయి: ‘నాకూ ఇలాగే అనిపించింది. మా ఊళ్ళో ఈ సినిమా చూసినప్పుడు, ఆమె కాళ్ళు పట్టుకునే చోట నేను కళ్ళు మూసుకున్నాను.’

కొత్తకోడలు ఎవరికీ చెప్పలేదన్నమాట. నేను కుదుటపడేలోపే మొదలాళి అడిగాడు. “అందరివీ అయినాయి, నీది ఏది తంబీ? చదువుకున్నోడివి, నీ మాట కదప్పా మాకు కావాల్సింది.”

తలెత్తితే ఆమె నావైపే చూస్తోంది. ఆ గదిలో ఆ పేజీ మీద ఏముందో తెలిసినది మా ఇద్దరికే. నేను కళ్ళు పేజీ మీదికి దించి, ఒక్కొక్క వరుసా చదువుతున్నట్టు తల కదిలిస్తూ, ఇలాంటి అన్న ప్రతి ఇంట్లోనూ పుట్టాలనీ, భర్త గొప్పతనం తెలుసుకుని వచ్చి కాళ్ళ మీద పడిన ఆ ఇల్లాలు మన ఆడవాళ్ళకు ఆదర్శమనీ, గ్రంథాలయంలో నేర్చుకున్న పెద్దపెద్ద మాటలన్నీ పేర్చి, అక్కడ లేనిదంతా చదివాను. ఆడవాళ్ళ సంగతి ఎత్తకుండా ఉండవలసింది, భయంలో అదీ అనేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. మొదలాళి కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె మాత్రం తల దించుకుని గాజులు సర్దుకుంది. మరుసటి వారమే నన్ను ఖాయం చేశారు.

ముప్పై ఏళ్ళకు పైగా ఆ కుర్చీలో కూర్చున్నాను, దగ్గు కూడా తగ్గింది. ఆమె తెప్పించుకునే పుస్తకాలు తిరిగి వచ్చినప్పుడల్లా ఒక్కొక్క పేజీ తిప్పి చూసేవాణ్ణి. ఎక్కడా పెన్సిల్ గీత కూడా ఉండేది కాదు. ఎన్నో ఏళ్ళ తరవాత ఒకసారి కారమడై తేరు రోజున ఎదురుపడి, తనే పలకరించింది. “ఆ తపాలావాడి సినిమా మళ్ళీ ఎప్పుడైనా వేస్తారా అన్నా?” రాదమ్మా, ఆ ఫిల్ము పెట్టెలు ఎక్కడున్నాయో ఏమో అన్నాను. “పోనీలెండి. మీరు రాసింది చదివితే చూసినట్టే ఉండింది,” అంది. క్షమాపణ చెప్పుకోవడానికి అంతకంటే మంచి సమయం నాకు రాలేదు. జనం తోసుకొచ్చారు, ఆమె ముందుకు వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ మిల్లు లేదు, ఆ చోట ఇళ్ళు లేచాయి. మా పిల్లలు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు, తమకు నచ్చనిదాన్ని పేరు పెట్టి నచ్చలేదంటారు, అందుకు వాళ్ళ కుర్చీ ఎవరూ లాగేయరు. చూసి అసూయపడతాను, సంతోషిస్తాను కూడా. మొదలాళి కోడలు పోయిన ఏడు కాలం చేసింది. నేను తెలుగులో ఏం రాసి ఏమని పైకి చదివినా, అక్కడ ఉన్నదే చదివానో లేదో తెలిసినవాళ్ళు మా వాళ్ళలో ఇక ఎవరూ లేరు. పుస్తకం కనిపించకుండా పోయిన ఆ పది రోజులూ నేను దేవుణ్ణి కోరుకున్నది ఇదే.